ఫిట్ అని రాసిచ్చిన చెయ్యి

మా హోటల్ గోడకి వేలాడే సర్టిఫికెట్లలో దొంగది ఒక్కటి కూడా లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. దొంగవైతే నాకింత ఒళ్లు మండేది కాదు. ఎవడో మోసం చేశాడని నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. అన్నీ అసలువే. నంబరుంది, ముద్ర ఉంది, డాక్టరు సంతకం ఉంది, గడువు తేదీ ఉంది. ఆ సంతకం పెట్టిన డాక్టరు మాత్రం, ఆ కాగితం మీద పేరున్న మనిషిని ఒక్కసారి కూడా చూడలేదు.

హోటల్ మా అక్క భర్తది. బందరులో ఒకటి, గుడివాడలో ఒకటి. నేను చాలా ఏళ్లు ప్రైవేటు స్కూళ్లో సైన్సు చెప్పాను. యాజమాన్యంతో పడక మానేస్తే బావగారు పిలిచి లైసెన్సుల పని అప్పగించారు. ఇలాంటి పనొకటి ఉందని బయటివాళ్లకి తెలియదు. వంటగదిలో చెయ్యి పెట్టే ప్రతి మనిషినీ ఏటా డాక్టరు పరీక్ష చేసి, అంటురోగాలు లేవు, ఒంటి మీద పుళ్లు గాయాలు లేవు, ఆహారం ముట్టుకోవచ్చు అని రాసివ్వాలి. దాన్ని అందరూ ఫిట్‌నెస్ అంటారు. శుభ్రత మీద శిక్షణ తీసుకున్నట్టు ఇంకో సర్టిఫికెట్ ఉండాలి. దానికీ గడువుంటుంది. ఎవరిది ఎప్పుడు తీరిపోతుందో చూసుకుంటూ, తీరకముందే కొత్తది తెప్పించి పెట్టడం నా పని. నేను ఈ పనిని నిజమనుకున్నాను. తంటా అంతా అక్కడే వచ్చింది.

బావగారు చెడ్డమనిషి కాదు. ఈ మాట రాయడానికి కూడా నాకు కోపంగానే ఉంది. చర్చిలో సంఘ పెద్ద. పొద్దున్నే పొయ్యిలు వెలిగించే ముందు వంటవాళ్లందర్నీ నిలబెట్టి, ఒక్కొక్కరి పేరూ ఎత్తి ప్రార్థన చేస్తారు. మాది మామూలు పల్లెటూరి కుటుంబం, తోట్లవల్లూరు పక్కన. మా నాన్న పొలం పనికెళ్లిన మనిషి. అలాంటి ఇంటి నుంచి వచ్చి ఇద్దరం ముగ్గురం చదువుకుని ఉద్యోగాల్లో కుదురుకున్నామంటే, బావగారి లాంటి వాళ్లు ఇచ్చిన ధైర్యం కూడా అందులో ఉంది. కానీ ఆ పేరెత్తి ప్రార్థన చేసిన మనిషిని డాక్టరు దగ్గరికి పంపండి బావగారూ అంటే మాత్రం, "పూట పనంతా పాడైపోద్దమ్మాయ్, ఆయనున్నాడు కదా, ఆయన చూసుకుంటాడులే" అనేవారు.

ఆ ఆయన బెజవాడలో ఉంటాడు. హోటళ్లకి లైసెన్సులు తెచ్చిపెట్టడం అతని వ్యాపారం. మన దగ్గరున్న వంటవాళ్ల ఆధార్ కార్డులూ ఫొటోలూ వాట్సాప్‌లో పంపితే, కొన్నాళ్లకి ఫిట్‌నెస్‌లు వాట్సాప్‌లోనే వచ్చి వాలతాయి. రక్తం బందరులోనే ఉంటుంది, దాని రిపోర్టు బెజవాడ నుంచి వస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఒక వంటాయన, కళ్లజోడు లేకపోతే ఉప్పు డబ్బాకీ చక్కెర డబ్బాకీ తేడా తెలియని ఆయనకి, చూపు అమోఘంగా ఉందని రాసి ఉంది. ఆ కాగితం పట్టుకుని బావగారి దగ్గర నెత్తీ నోరూ కొట్టుకున్నాను. "అన్ని హోటళ్లవాళ్లూ ఇలాగే చేయిస్తున్నారు, నీకింకా స్కూలు బుద్ధి పోలేదు" అన్నారు.

మా బందరు హోటల్ నడిచేదే చేపల పులుసు మీద. ఆ పులుసు పెట్టేది పాలకాయతిప్ప దగ్గరి ఊరావిడ. పుట్టిల్లూ అత్తిల్లూ రెండూ సముద్రం మీద వేటకెళ్లే కుటుంబాలే. కూతుర్ని బందరులో నర్సింగు చదివించాలని చిలకలపూడిలో గది తీసుకుని ఉండేది. నేను వదినా అని పిలిస్తే ఆవిడ నన్ను మేడంగారూ అనేది. మారమంటే మారలేదు. నోరు మాత్రం నాకంటే పెద్దది. చేపలు తెచ్చేవాడు మెత్తబడిన చందువా చేప గంపలో కలిపి తెస్తే, తోక పట్టుకుని వాడి చెవి దగ్గర ఊపి, "ఇది నిన్నటిది కాదురా, మొన్నటిది. మీ అత్తగారింటికి పట్టుకెళ్లు" అని గంపలోకి గిరాటేసేది. వాడు మారుమాట్లాడకుండా తీసుకెళ్లిపోయేవాడు. మా హోటల్లో సీటు దొరక్క బయట నిలబడే జనమంతా ఆవిడ చేతి కోసమే వచ్చేవారు. ఉప్పు కుడి అరచేతిలో పోసుకుని, వేళ్లతో తూకం చూసి వేసేది. చెంచా కొలత ఆవిడకి తెలియదు, అక్కర్లేదు కూడా.

కిందటేడు శిక్షణ సర్టిఫికెట్ల గడువు తీరబోతోందని చెప్పాను. ఈసారైనా తెలుగులో, అర్థమయ్యేలా, మా వంటగదికే వచ్చి చెప్పే మనిషిని పెట్టండని బతిమాలాను. బావగారు సరే సరే అని, బెజవాడ ఆయన చేతే గుడివాడలో ఒక ఫంక్షన్ హాలులో క్లాసు పెట్టించారు. చుట్టుపక్కల హోటళ్లవాళ్లు కూడా వచ్చారు. ఆయన తెర మీద ఇంగ్లీషులో ఏవో బొమ్మలు తిప్పుకుంటూ పోయాడు. మా వాళ్లంతా గంగిరెద్దుల్లా తలలూపారు. మధ్యలో నేను లేచి, కాస్త తెలుగులో చెప్పండి అన్నాను. "చాలా సింపుల్ మేడమ్" అని, మొత్తం క్లాసులో తెలుగులో ఒకే ఒక్క మాట చెప్పాడు. "చేతికి దెబ్బ ఉన్నవాళ్లు కిచెన్‌లో కనపడ్డారంటే మీ హోటల్ లైసెన్సు పోతుంది. అర్థమైందా?" అందరూ అర్థమైందన్నారు. తర్వాత తలకి టోపీలూ చేతులకి నీలం గ్లవ్సులూ పెట్టించి గ్రూపు ఫొటో తీసి, బిరియానీ పెట్టి పంపించేశాడు. అంత తూతూమంత్రం నేను మా స్కూలు ఇన్‌స్పెక్షన్‌లో కూడా చూడలేదు.

దెబ్బ తగిలితే ఏం చెయ్యాలో చెప్పలేదు. ఎవరికి చెప్పాలో చెప్పలేదు. చెప్పిన మనిషిని ఆ రోజు వేరే పనిలో పెట్టాలనీ, జీతం కొయ్యకూడదనీ యజమానులకి చెప్పలేదు. కనపడితే లైసెన్సు పోతుందన్నాడు, అంతే. ఆ మాటలో కనపడకూడదన్న ముక్క ఒక్కటే మా వాళ్లకి అర్థమైంది. తప్పు వాళ్లదంటే నేనొప్పుకోను.

అదే సమయంలో బావగారు బందరు హోటల్లో అద్దాల కిచెన్ కట్టించారు. తినేవాళ్లకి వంట కనపడాలట. అప్పటినుంచి గ్లవ్సులు తియ్యడానికి లేదు. పులుసు కలిపినా, చింతపండు పిసికినా, చేప శుభ్రం చేసినా నీలం చేతులే. మా వదిన మొదట్లో విసుక్కుంది. "చేపని చెయ్యి తాకకపోతే దాని జిగురెట్టా తెలుస్తదండీ" అంది. తర్వాత అలవాటు పడింది. పడిందనుకున్నాం.

ఒకరోజు జెల్లలు వచ్చాయి. జెల్ల చేపకి రెక్కల దగ్గర రంపం లాంటి ముల్లుంటుంది. గుచ్చుకుంటే మంట నషాళానికంటుతుంది. వాళ్ల ఊళ్లో అది మామూలు సంగతి. పసుపూ సున్నం కలిపి పెట్టి, పైన గుడ్డపీలిక చుట్టి, గాలికీ ఎండకీ వదిలేస్తారు. అది ఎండి పెచ్చులా రాలిపోతుంది. తరాలుగా అలాగే తగ్గించుకున్నారు. ఆవిడ కూడా చూపుడువేలికి ముల్లు దిగితే వెనక్కి వెళ్లి పసుపూ సున్నం పెట్టుకుంది. కానీ ఇక్కడ గాలికి వదిలే వీలు లేదు. దాని మీద నీలం గ్లవ్సు తొడిగింది. పొద్దుటినుంచి సాయంత్రం దాకా అందులోనే ఉంచింది. చెమటా చేప నీళ్లూ లోపల చేరి, ఆ సున్నం ఎండనేలేదు. రోజూ తీసి, మళ్లీ సున్నం పెట్టి, మళ్లీ తొడిగింది.

నాకు తెలిసింది పులుసు వల్ల. ఒకటికి రెండు టేబుళ్లవాళ్లు ఉప్పు ఎక్కువైందని చెప్పారు. మా పులుసులో ఉప్పెక్కువ అనే మాట అంతకుముందు వినలేదు. లోపలికి వెళ్లి చూస్తే ఆవిడ గరిటె ఎడమ చేత్తో తిప్పుతోంది. ఉప్పు కూడా ఎడమ చేత్తోనే వేస్తోంది.

"ఏమైంది వదినా?"

"ఏం లేదండీ. భుజం పట్టేసింది."

"గ్లవ్సు తియ్యి."

"బయట జనం చూస్తున్నారండీ, తర్వాత తీస్తాను."

నేను చెయ్యి పట్టుకుని వెనక్కి, గిన్నెలు తోమే చోటికి లాక్కెళ్లాను. గ్లవ్సు తీస్తే వాసన ముందొచ్చింది. వేలు తెల్లగా నాని, గోరు దగ్గర నల్లబడి, మొదలంతా ఎర్రగా వాచి ఉంది. నాకు ఏడుపు రాలేదు. పిచ్చి కోపం వచ్చింది. నోటికొచ్చినట్టు తిట్టాను. ఆవిడ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టి, "అరవమాకండి, వినపడుద్ది" అంది. కుడి చెయ్యి అలా ఉంటే ఎడమ చేత్తో నా నోరు మూసింది.

ఆసుపత్రిలో చూసిన డాక్టరు పెద్దాయన, మంచిగా మాట్లాడాడు. సముద్రపు చేప ముల్లు దిగిన గాయం అశ్రద్ధ చెయ్యకూడదన్నాడు. తడి సున్నం చర్మాన్ని తినేసిందనీ, గ్లవ్సులో గాలి ఆడక చీము లోపలికి పాకిందనీ, ఎముక దాకా వెళ్లిందనీ చెప్పాడు. "మొదటిరోజు వచ్చుంటే మందులతో పోయేదమ్మా. పోనీ ఆ గ్లవ్సు లేకపోయినా ఇంత దూరం వచ్చేది కాదు" అన్నాడు. చెయ్యి దక్కాలంటే వేలు తియ్యాలన్నాడు. కూతురు సంతకం పెట్టింది. చూపుడువేలు మొదటి కణుపు దాకా ఉంచి, మిగతాది తీసేశారు.

నేను వరండాలో బల్ల మీద కూర్చుని ఉండగా ఫోన్ మోగింది. బెజవాడ ఆయన ఆ ఏటి ఫిట్‌నెస్‌లు పంపించాడు. అందరివీ ఉన్నాయి, ఆవిడదీ ఉంది. చర్మవ్యాధులు లేవు. చేతుల మీద గాయాలు లేవు. ఆహారం తయారుచెయ్యడానికి అన్ని విధాలా ఫిట్. కింద డాక్టరు సంతకం, ఆ రోజు తేదీ. లోపల వేలు తీస్తున్నారు, బయట నా ఫోన్‌లో ఆ చెయ్యి భేషుగ్గా ఉంది. వెంటనే ఆయనకి ఫోన్ చేసి, ఏ చెయ్యి చూసి రాశారు మీ డాక్టరు అని అడిగాను.

"మేడమ్, ఫార్మాట్ అండీ అది. అందరికీ అలాగే వస్తుంది. మీకు ఇన్‌స్పెక్షన్‌లో ఇష్యూ ఏం రాదు" అన్నాడు.

వరండాలో ఉన్నవాళ్లంతా నా వైపు తిరిగేంత గట్టిగా తిట్టాను. రాసే మాటలు కావవి. ఆయన ఓపిగ్గా విని, "టెన్షన్‌లో ఉన్నట్టున్నారు, తర్వాత మాట్లాడదాం" అని పెట్టేశాడు. బావగారికి చెబితే, "పాపం, పాపం" అన్నారు. వెంటనే, "అయితే అందరివీ వచ్చేసినట్టేగా?" అన్నారు. ఫోన్ పెట్టేశాను. లేకపోతే అక్క సంసారం మీద కూడా ఏదో ఒకటి అనేసేదాన్ని.

ఆవిడకి తెలివొచ్చాక పక్కన కూర్చున్నాను. ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆవిడ నా వైపు చూడలేదు.

"చెబితే లైసెన్సు పోద్దన్నాడు కదండీ గుడివాడలో ఆ సారు. నా ఒక్క వేలు వల్ల హోటల్ మూసేస్తే, అంతమంది ఏం తింటారండీ? రెండు రోజుల్లో తగ్గిపోద్దిలే అనుకున్నాను."

అదీ సంగతి. నేను కూలి పోతుందని భయపడి దాచిందేమో అనుకున్నాను. హోటల్ని కాపాడాలని దాచింది. మా బావగారి హోటల్ని. ఆ మాట విన్నాక నాకు ఎవరి మీద అరవాలో కూడా తెలియలేదు. ఆ రాత్రంతా పళ్లు నూరుకుంటూ గడిపాను.

బావగారు ఆసుపత్రికి వచ్చారు, ప్రార్థన చేశారు, ఖర్చు పెట్టుకున్నారు. అది దాచను. మంచం పక్కన నిలబడి, "తగ్గాక వచ్చెయ్యమ్మా, నీ పొయ్యి నీదే" అన్నారు. ఆవిడ కళ్లు తుడుచుకుంది. నేను కూడా నమ్మాను.

గాయం మానాక ఆవిడ ఊరు వెళ్లాను. సముద్రం పక్కన వలలు ఆరేసిన చోట ఎండుచేపలు తిరగేస్తోంది. కుడి చేత్తోనే తిరగేస్తోంది. ఉప్పు తెచ్చి అరచేతిలో పోసుకుని, మిగిలిన వేళ్లతో తూకం చూసి చూపించింది. "వచ్చేస్తందండీ. మొదట్లో జారిపోయేది, ఇప్పుడు జారట్లేదు చూడండి" అని నవ్వింది. ఇద్దరం అవనిగడ్డ వెళ్లి ఒక డాక్టరుని కలిశాం. ఆయన చెయ్యి తిప్పి తిప్పి చూశాడు. నొక్కి చూశాడు. రక్తం, మలం పరీక్షలన్నీ చేయించాడు. అన్నీ వచ్చాక, గాయం పూర్తిగా మానింది, వంట చెయ్యవచ్చు అని రాసిచ్చాడు. మా హోటల్లో పనిచేసేవాళ్లలో నిజంగా పరీక్ష చేయించుకుని ఫిట్ అనిపించుకున్న మొదటి మనిషి ఆవిడే. ఆ కాగితం నేను మడత పడకుండా పుస్తకంలో పెట్టి తెచ్చాను.

బావగారు దాన్ని చదివారు. చాలాసేపు చదివారు. చదవడానికి అందులో అంత లేదు.

"అది కాదమ్మాయ్. అద్దాల కిచెన్ కదా. జనం తింటూ ఆ వేలు చూశారనుకో..."

"చూస్తే?"

"వాళ్లకి ఏదోలా ఉండదూ? పైగా చేతికి దెబ్బ ఉన్నవాళ్లని పెట్టుకోకూడదని నువ్వే కదా రూల్సు చెప్పేది."

"మానిపోయింది బావగారూ. మానిందని డాక్టరు రాశాడు."

"కృత్తివెన్ను నుంచి ఒకాయన్ని పెట్టాం, మంచిగా చేస్తున్నాడు. ఆవిడ్ని ఊరికే వదిలెయ్యంలే. వెనక గిన్నెల దగ్గర పనుంది, చెయ్యమను."

ఏ రూలూ పాటించని మనిషికి, ఆవిడని గెంటెయ్యడానికి మాత్రం రూలు గుర్తొచ్చింది. అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ రోజు క్యాషు కౌంటరు దగ్గర, జనం ముందే, మీ ప్రార్థనలు మీ దగ్గరే పెట్టుకోండి అన్నాను. అక్క ఇప్పటికీ నాతో ముభావంగానే ఉంటుంది. ఉండనీ.

ఫోన్‌లో ఈ గిన్నెల పని మాట వదినకి చెప్పలేక చెప్పాను. "గిన్నెలు తోమడానికి వేళ్లక్కర్లేదాండీ?" అంది. "మీరేం అనుకోమాకండి మేడంగారూ. నేను రాను" అని పెట్టేసింది. ఇప్పుడు కోడూరు సంతలో చేపలమ్ముతోందని కూతురు చెప్పింది. ఆ అమ్మాయి మాత్రం మా హోటల్ వీధిలోంచి నడవడం మానేసింది.

నేను కూడా మానేస్తానని బావగారితో చెప్పాను. ఉండాలంటే ఒక షరతు పెట్టాను. వంటగదిలో దెబ్బ తగిలినవాళ్లు నాకు చెప్పాలి, చెప్పినవాళ్లకి ఒక్క రూపాయి కొయ్యకూడదు, తగ్గాక వాళ్ల పని వాళ్లకే ఇవ్వాలి, పరీక్షలు బందరులోనే మనుషుల్ని తీసుకెళ్లి చేయించాలి. ఒప్పుకున్నారు. లైసెన్సుల గొడవంతా నెత్తిన పడుతుందని ఒప్పుకున్నారో, నిజంగానే ఒప్పుకున్నారో నేనడగలేదు. మర్నాడు అందర్నీ నిలబెట్టి, తెలుగులో, ఒక్కొక్క మాటా విడమర్చి చెప్పాను. దెబ్బ తగిలితే దాచకండి, ఎవరి లైసెన్సూ పోదు, ఎవరి పనీ పోదు, పూచీ నాది అన్నాను. అందరూ తలలూపారు. బావగారు కూడా పక్కన నిలబడి తలూపారు.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక జనం విరగబడ్డారు. వంటగదిలో ఏదో చిందిన చప్పుడూ, నోటిలో నొక్కేసిన కేకా వినపడ్డాయి. వెళ్లి చూశాను. కృత్తివెన్ను ఆయన బాండీ ముందు నిలబడి ఉన్నాడు. కాగిన నూనె నేలంతా పడి ఉంది. నన్ను చూడగానే కుడి చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. మొహాన చెమటలు కారుతున్నాయి, పెదవి కొరుక్కుంటున్నాడు. పక్కనున్న వాళ్లంతా నేల వైపు చూస్తున్నారు. వాళ్లందరికీ నేను చెప్పిన మాటలు తెలుసు. వదినకి ఏం జరిగిందో కూడా తెలుసు.

"చెయ్యి చూపించు" అన్నాను.

"ఏం లేదండీ, ఏం కాలేదు" అని నవ్వాడు.

"చూపించమన్నానా?"

ఎడమ చెయ్యి చాపి చూపించాడు.